చెవులు మూసుకుని మోర్స్ నేర్చుకోండి

మాటని మోర్స్‌లోకి మార్చడమంత తేలికైన పని లోకంలో ఇంకోటి లేదు. తెలుగు రాయాలంటే యాభై ఆరు అక్షరాలు, వాటికి గుణింతాలు, కింద వత్తులు, పక్కన సున్నాలు. మోర్స్‌కి ఒక చుక్క, ఒక గీత. అంతే సంగతి. అయినా దీని మీద లావుపాటి పుస్తకాలు రాసినవాళ్ళున్నారు, నెలల తరబడి సాధన చెయ్యమని పోరేవాళ్ళున్నారు. మా వీధి చివరింట్లో తంతి తపాలా శాఖలో రిటైరైన టెలిగ్రాఫిస్టు ఒకాయన ఉన్నారు. "మాస్టారూ, మోర్స్ నేర్చుకోవాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగితే, "కొన్నాళ్ళు ఊరుకుని విను బాబూ" అన్నారు. ఊరుకోవడం, వినడం మా ఇంటా వంటా లేని పనులు. అందుకని సొంతంగా ఒక పద్ధతి తయారుచేశాను. దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే ఒక్క పూటలో మీరు మోర్స్ పంపగలరు. అవతలివాళ్ళు అందుకోగలరా లేదా అన్నది అవతలివాళ్ళు చూసుకోవాల్సిన విషయం.

మొట్టమొదట గోడకి ఒక పట్టిక అంటించండి. ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలు, పక్కన చుక్కలూ గీతలూ. ఎంత పెద్దగా ఉంటే అంత మంచిది. దాన్ని కళ్ళతో బట్టీ పట్టండి. ఎ అంటే చుక్క, గీత. బి అంటే గీత, మూడు చుక్కలు. పైకి చదివేటప్పుడు కూడా "చుక్క, గీత" అనే అనాలి. చెయ్యి తిరిగినవాళ్ళు ఎ అక్షరాన్ని "డి-డా" అంటారు, క్యు అక్షరాన్ని "డా-డా-డి-డా" అంటారు. అవి కూనిరాగాలు. మనం చదువుకున్నవాళ్ళం. "గీత, గీత, చుక్క, గీత" అని నింపాదిగా, వ్యాకరణయుక్తంగా ఉచ్చరిద్దాం.

సందేశం వచ్చేటప్పుడు చెయ్యాల్సింది ఇది. చప్పుడు వినండి. అందులో పొట్టివెన్ని, పొడుగువెన్ని లెక్కపెట్టండి. ఆ లెక్కని మనసులో బొమ్మ గీసుకోండి. బొమ్మ చెదరకుండా లేచి గోడ దగ్గరికి నడవండి. పట్టికలో వెతకండి. దొరికాక వెనక్కొచ్చి కాగితం మీద రాసుకోండి. నిమిషానికి 20 మాటల వేగంలో ఒక చుక్క నిడివి 60 మిల్లీసెకన్లు. కాబట్టి మీరు గోడ దాకా వెళ్ళొచ్చేలోపు అవతలాయన కబురంతా చెప్పేసి భోజనానికి లేచి ఉంటాడు. కంగారు పడకండి. ఇంకోసారి పంపమనండి. ఆయనకీ పనేముంది?

1930ల్లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి చక్కటి పద్ధతికి అడ్డం తిరిగాడు. మొదటి రోజు నుంచీ అసలు వేగంలోనే వినిపించాలన్నాడు. రెండే రెండు అక్షరాలతో మొదలుపెట్టి, నూటికి తొంభై సరిగ్గా పట్టుకోగలిగాకనే మూడోది కలపాలన్నాడు. అలా చేస్తే అక్షరం మొత్తం ఒక్క రాగంగా చెవిలో పడుతుందట, చుక్కలు లెక్కపెట్టాలన్న బుద్ధే పుట్టదట. ఫార్న్స్‌వర్త్ పేరు మీద ఇంకో పద్ధతి ఉంది. అందులో అక్షరాన్ని వేగంగానే కొడతారు, అక్షరాల మధ్య ఎడం మాత్రం కొత్తవాళ్ళ కోసం పెంచుతారు. ఇన్నేళ్ళుగా ఈ రెండు పద్ధతుల్లోనూ జనం నేర్చుకుంటూనే ఉన్నారు. అందరూ నేర్చుకున్న దారిలో మనమూ నేర్చుకుంటే మన ప్రత్యేకత ఏముంటుంది?

చరిత్ర కూడా నా పక్షమే. శామ్యూల్ మోర్స్ తొలి యంత్రం కాగితపు పట్టీ మీద గుర్తులు వేసేది. ఉద్యోగి వాటిని చూసి చదువుకోవాలి. కొన్నాళ్ళకి కుర్రాళ్ళు పట్టీ వైపు చూడటం మానేసి, యంత్రం టకటకలు వింటూనే సందేశం రాసెయ్యడం మొదలుపెట్టారు. ఇదేం అలవాటని పైవాళ్ళు మందలించారు కూడా. ఆఖరికి పైవాళ్ళే ఓడిపోయారు. పట్టీ పోయి, చప్పుడు తప్ప ఇంకేమీ చెయ్యని సౌండర్ వచ్చి కూర్చుంది. అమెరికా రైల్వే స్టేషన్లలో ఆ చప్పుడు గట్టిగా వినబడాలని దాని వెనక ఖాళీ పొగాకు డబ్బా దూర్చేవారు. రాసిపెడతానని యంత్రం బతిమాలుతుంటే వద్దని డబ్బాకి చెవి ఒగ్గడం! ఆ రోజు మందలించిన పైవాళ్ళెవరో గానీ, ఈ వ్యాసం వాళ్ళకే అంకితం.

ఇక ఖాళీల సంగతి. నా పద్ధతికి ఆయువుపట్టు ఇదే, కాబట్టి జాగ్రత్తగా చదవండి. చుక్కని ఒక మాత్ర అనుకుంటే గీత మూడు మాత్రలు. మన ఛందస్సులో గురువుకి రెండే మాత్రలు, మోర్స్ గురువు ఇంకోటి ఎక్కువ తింటాడు. పోనీ తిననివ్వండి. అసలు అన్యాయం ఆ తర్వాత ఉంది. అక్షరం లోపల గుర్తుకీ గుర్తుకీ మధ్య ఒక మాత్ర ఖాళీ. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు. మాటకీ మాటకీ మధ్య ఏడు. వేగం కొలవడానికి 'పారిస్' అనే మాటని ప్రమాణంగా పెట్టుకున్నారు. ఇంగ్లీషులో దాని ఐదక్షరాలూ, చివర ఏడు మాత్రల ఖాళీ కలుపుకుంటే సరిగ్గా 50 మాత్రలొస్తాయి. నిమిషానికి 20 మాటలు అంటే నిమిషానికి 20 'పారిస్'లు అని అర్థం. పెన్సిలు పట్టుకుని ఆ 50నీ విడదీసి చూడండి. చప్పుడు 22. నిశ్శబ్దం 28! కీ ముట్టుకోకుండా కూర్చున్న సేపే ఎక్కువన్నమాట. ఇంత దుబారాని నూట ఎనభై ఏళ్ళుగా ఎవరూ ప్రశ్నించకపోవడం ఆశ్చర్యం.

కాబట్టి కొట్టెయ్యండి. అక్షరం లోపలి ఒక్క మాత్రని ఉండనివ్వండి, అదీ తీసేస్తే కీ మీద నిద్రపోయారనుకుంటారు. మూడు మాత్రలదీ ఏడు మాత్రలదీ మాత్రం నిర్దాక్షిణ్యంగా తీసేసి, అక్షరం తర్వాత అక్షరం ఒక్క గుక్కలో లాగించండి. ఫలితం ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్ళతోనే చూద్దాం.

'అమ్మ'ని ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే ఎ, ఎమ్, ఎమ్, ఎ. డి-డా, డా-డా, డా-డా, డి-డా. ఖాళీలు తీసేసి కొడితే వినేవాడి చెవిలో డి-డా-డా-డా, డా-డా-డి-డా అని పడుతుంది. అంటే జె, క్యు. ఒక్క చుక్క తగ్గలేదు, ఒక్క గీత పెరగలేదు, వరస మారలేదు. అమ్మ ఉన్నచోట జెక్యు ఉంది, అంతే. 'అన్న' ఇదే దారిలో పి, ఎక్స్ అవుతాడు. 'అక్క' పి, క్యు, ఎ. 'రా' అని పంపితే ఎ, యు అయి 'ఔ' అని చేరుతుంది. రమ్మన్నదీ మనమే, ఔనన్నదీ మనమే, బోలెడు టైము కలిసొస్తుంది. 'అత్త' కాస్త జె, ఎ అవుతుంది. హైదరాబాదులో పెరిగిన అల్లుడికి పండక్కి అత్తగారి దగ్గర్నుంచి 'జా' అని కబురొస్తే ఏం చేస్తాడో నేను చెప్పక్కర్లేదు. అందరికన్నా 'తాత' పరిస్థితే చిత్రం. టి, ఎ, టి, ఎ నాలుగూ అతుక్కుపోతే వచ్చేది అక్షరం కాదు, బ్రాకెట్టు ముగింపు గుర్తు. మోర్స్‌లో విరామ చిహ్నాలకీ సంకేతాలున్నాయి మరి. తాతగారు ఎవరూ తెరవని బ్రాకెట్టుని మూసి కూర్చుంటారు.

దీన్ని గోప్యత అంటారు. మూడో మనిషికి అర్థం కాకుండా సందేశం పంపాలని సైన్యాలు కోట్లు తగలేస్తున్నాయి. నా పద్ధతిలో రెండో మనిషికి కూడా అర్థం కాదు, పైసా ఖర్చు లేదు.

మాస్టారి బల్ల మీద వేలితో కొట్టి ఇదంతా వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చుక్కలన్నీ ఉన్నాయి కదండీ?" అన్నాను.

"చుక్కలు ఎవరైనా కొడతారయ్యా. ఎక్కడ కొట్టకూడదో తెలిసినందుకు మాకు జీతమిచ్చారు."

సర్కారు జీతాల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే.

తెలుగు మాటల్ని మోర్స్‌లో పెట్టేటప్పుడు కొన్ని ప్రత్యేక మెళకువలు కావాలి. అంతర్జాతీయ పట్టికలో ఉన్నవి రోమన్ అక్షరాలు, అంకెలు, కాసిని గుర్తులు. ఈమెయిల్ చిరునామాల్లో వచ్చే 'ఎట్' గుర్తుకి కూడా 2004లో చోటిచ్చారు, ఎ, సి రెండూ కలిపికొడితే అది. తెలుగుకి చోటు లేదు. జపానువాళ్ళు తమ కన అక్షరాలకి వేరే పట్టిక పెట్టుకున్నారు. రష్యన్లు, గ్రీకులు, అరబ్బులు తమ లిపులకి తగ్గట్టు సర్దుకున్నారు. చైనావాళ్ళు ఒక్కో అక్షరానికి నాలుగంకెల నంబరు వేసి, ఆ నంబర్లు పంపుకున్నారు. మనం మాత్రం ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనో టెలిగ్రాం ఇచ్చుకుంటూ వచ్చాం. ఇంగ్లీషు ముక్క రాని ఇళ్ళల్లో కూడా "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అంటే ఏమిటో చెప్పక్కర్లేకుండా తెలిసేది అందుకే. ఊళ్ళో టెలిగ్రాం బంట్రోతు సైకిలు ఆగిందంటే ముందు ఏడుపు మొదలయ్యేది, చదివించుకోవడం తర్వాత. నౌకరీ వచ్చిందనో పిల్లాడు పుట్టాడనో తేలాక, ఏడ్చిన ఏడుపు వెనక్కి తీసుకునేవాళ్ళు. 2013 జులై 14తో ఆ సేవ మన దేశంలో ఆగిపోయింది. అప్పటిదాకా టెలిగ్రాఫ్ ఆఫీసు మెట్లెక్కనివాళ్ళంతా ఆ రోజు వెళ్ళి క్యూ కట్టారు. అయితే అప్పటికి ఆ ఆఫీసుల్లో మోర్స్ కీలు ఎప్పుడో మూలపడ్డాయి, టెలిప్రింటర్లూ కంప్యూటర్లూ వచ్చేశాయి. జనం వీడ్కోలు చెప్పింది కీకి కాదు, కాగితానికి.

మెళకువ ఏమిటంటే, స్పెల్లింగు పట్టించుకోకండి. దీర్ఘాలకి రెండేసి అక్షరాలు ఎందుకు? త, ట, థ, ఠ నాలుగింటికీ ఒక్క టి చాలదూ? కె, ఒ, టి, ఐ అని పంపండి. వినేవాడు కోటి అనుకుంటాడో కోతి అనుకుంటాడో అతని అదృష్టాన్ని బట్టి ఉంటుంది. "నీ వాటాకి కోతి వచ్చింది" అని చదువుకున్న తమ్ముడు ఆస్తి పంపకాలకి రాకపోతే మీకే మంచిది. ఇ, ఐ అక్షరాల దగ్గర ఇంకా తేలిక. మోర్స్‌లో ఇ అంటే ఒక చుక్క, ఐ అంటే రెండు చుక్కలు. 'పెళ్ళి'ని పి, ఇ, ఎల్, ఎల్, ఐ అని కొడుతుండగా వేలు ఒక్కసారి అదనంగా అదిరిందనుకోండి, అది 'పిల్లి' అయిపోతుంది. "మా అమ్మాయికి పిల్లి కుదిరింది. మీరంతా తప్పక రావాలి." వస్తారండీ. పెళ్ళికి రానివాళ్ళు కూడా దీనికి వస్తారు.

ఇక్కడ మోర్స్ మనకి చేసిన అన్యాయం ఒకటి చెప్పుకోవాలి. ఈ కోడ్ వెనక ఒక అచ్చాఫీసు ఉందంటారు. మోర్స్ భాగస్వామి ఆల్ఫ్రెడ్ వెయిల్, న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో అచ్చాఫీసుకి వెళ్ళి, ఏ అక్షరం దిమ్మలు ఎక్కువున్నాయో చూసి, ఎక్కువ వాడేవాటికి పొట్టి సంకేతాలు కట్టబెట్టాడని కథ. ఇంగ్లీషులో ఇ అడుగడుగునా వస్తుంది కాబట్టి దానికి ఒక్క చుక్క, టి అక్షరానికి ఒక్క గీత. జె, క్యు, వై లాంటి అరుదైనవాటికి 13 మాత్రల చొప్పున శిక్ష. అదే వెయిల్ మోరిస్‌టౌన్‌కి బదులు మన తెనాలిలో అచ్చాఫీసు గడప తొక్కి ఉంటే ఆ ఒక్క చుక్క ఎ అక్షరానికి దక్కేది. తెలుగుని ఇంగ్లీషు లిపిలో రాస్తే ఎ లేని మాట వెతకాలి కదా! ఇప్పుడేమో ఎ అన్నప్పుడల్లా ఐదు మాత్రలు సమర్పించుకుంటున్నాం. ఉదాహరణకి 'కృష్ణమూర్తి'ని ఇంగ్లీషులో మనవాళ్ళు రాసుకునే పదమూడక్షరాల స్పెల్లింగులో పంపండి. చివరి ఖాళీతో కలిపి 128 మాత్రలు. రెండున్నర పారిస్‌లు పెట్టినా ఒక్క కృష్ణమూర్తికి చాలవు. నిమిషానికి 12 మాటల వేగంలో చుక్కకి సెకనులో పదో వంతు పడుతుంది కాబట్టి ఆయన పేరొక్కటే 12.8 సెకన్లు. ఇంటిపేరు ఇంకా మొదలవలేదు.

దీనికి విరుగుడు, తెలుగుకి సొంత మోర్స్ కనిపెట్టడం. ఎవరికి వారు కనిపెట్టుకోవాలి. కమిటీ వేసి అందరూ ఒక్కదానికి ఒప్పుకుంటే అది ప్రమాణం అయిపోతుంది, ప్రమాణమైతే నేర్చుకోవాల్సి వస్తుంది. బండి ఱ కి ఒక్క చుక్క ఇచ్చుకోండి, పాపం దాన్ని ఎవరూ పలకరించడం లేదు. అరసున్నాకి అర చుక్క. పట్టికని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. అవతలివాళ్ళకి ఇవ్వడం అవివేకం, లీకవుతుంది.

ఇంత బాధ ఎందుకనుకునేవాళ్ళకి మోర్స్ మొదటి ఆలోచన ఉండనే ఉంది. ఆయన అక్షరాలు పంపాలనుకోనే లేదు. ప్రతి మాటకీ ఒక నంబరు వేసి, లావుపాటి నిఘంటువు తయారుచేసి, నంబర్లు మాత్రం పంపుదామనుకున్నాడు. మన టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో కూడా పెళ్ళికీ పండక్కీ శుభాకాంక్షల వాక్యాలకి నంబర్లుండేవి. నంబరు చెప్తే చాలు, అవతల వాక్యం మొత్తం ముద్రించి ఇచ్చేవారు. ఈ సౌకర్యాన్ని మన అవసరాలకి పెంచుకోవచ్చు. అప్పు అడగడం 1, అప్పు లేదనడం 2. ఒక చిన్న ఇబ్బంది, అంకెలు మోర్స్‌లో ఐదేసి గుర్తులు. 5 అంటే ఐదు చుక్కలు, 4 అంటే నాలుగు చుక్కలూ ఒక గీత. చివరి గీత కొంచెం పొట్టిదైతే నాలుగింటి బండి ఐదింటికి వెళ్ళిపోతుంది, చుట్టం స్టేషన్లో గంటసేపు బెంచీ మీద కూర్చుంటాడు. ప్రయాణ బడలిక తీరుతుంది.

పొడి అక్షరాలు, కోడ్ నంబర్లు వాడేవాళ్ళతో జాగ్రత్త. తంతి రోజుల నుంచి వస్తున్న ఆచారం ప్రకారం 73 అంటే శుభాకాంక్షలు, 88 అంటే ప్రేమతో ముద్దులు. హ్యాం రేడియోవాళ్ళు ఇప్పటికీ సంభాషణ చివర్లో వీటిని పంపుకుంటారు. నా ఉద్దేశంలో 88 పెద్ద సంఖ్య కనక పెద్దవాళ్ళకి పంపడం మర్యాద. పై అధికారికి సెలవు చీటీ చివర 88 పెట్టండి. సెలవు ఎంత త్వరగా మంజూరవుతుందో, ఎన్నాళ్ళకి మంజూరవుతుందో చూడండి.

వేగం దగ్గర అసలు రాజీపడకండి. అవతలాయన క్యు-ఆర్-ఎస్ అని పంపితే "నెమ్మదిగా పంపండి" అని అర్థం. ఇది అవమానం. వెంటనే రెట్టింపు వేగం అందుకోండి. అందుకునేవాడికి ఎంత వేగం అందుతుందో అంతకన్నా ఎక్కువ పంపకూడదని పాత టెలిగ్రాఫిస్టులు ఒక మర్యాద పాటించేవారు. అది వాళ్ళ పిరికితనం. తప్పు కొట్టారా, ఆగి ఎనిమిది చుక్కలు కొట్టి ఆ మాట మళ్ళీ పంపాలని రూలు. ఒక తప్పుకి ఎనిమిది చుక్కల జరిమానా ఎవరు కడతారు? తప్పుని అక్కడే వదిలేసి ముందుకి సాగండి. రోజూ అదే తప్పు చేస్తే అది మీ శైలి అవుతుంది. నిజంగానే అవుతుంది. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో లయలో పడుతుంది, గొంతు వినగానే మనిషిని పోల్చుకున్నట్టు, పాతకాలం ఆపరేటర్లు కీ చప్పుడు విని అవతల ఎవరున్నారో చెప్పేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువాళ్ళు జర్మన్ ఆపరేటర్ల చేతిని బట్టి ఏ దళం ఎటు కదిలిందో కూడా ఆరా తీశారు. మాస్టారు దీన్ని హస్తవాసి అంటారు. "నా హస్తవాసి ఎలా ఉందండీ?" అని అడగొద్దు, నేను అడిగాను, ఆయన మాట మార్చి కాఫీ తాగుతావా అన్నారు.

ఎస్-ఓ-ఎస్ గురించి తెలియనివాళ్ళు లేరు కాబట్టి త్వరగా ముగిద్దాం. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు. మిగతా చోట్ల ఖాళీలు తీసెయ్యమన్నాను కదా, ఇక్కడ మాత్రం పెట్టండి. ఎందుకంటే రూలు ప్రకారం ఇక్కడ ఖాళీలుండకూడదు. తొమ్మిది గుర్తులూ ఒకే తీగలా సాగాలి, ఎస్, ఓ, ఎస్ అనేది మన సౌకర్యం కోసం పెట్టుకున్న పేరే. కావాలంటే అదే వరసని వి, 7 అని చదవచ్చు. ఐ, జె, ఎస్ అనీ చదవచ్చు. 1905లో జర్మనీ దీన్ని తన నిబంధనల్లో పెట్టింది, 1906 బెర్లిన్ సమావేశం ఒప్పుకుంది, 1908 జులై నుంచి అమల్లోకొచ్చింది. ఎక్కడా తడుముకోకుండా ఎవరైనా పంపగల, ఎంత రణగొణలోనైనా చెవికి తగిలే వరస కాబట్టి ఎంచుకున్నారు తప్ప అది ఏ మాటలకీ పొడి అక్షరాలు కావు. అయినా మీరు "సేవ్ అవర్ సోల్స్" అనే చెప్పండి, పెళ్ళిళ్ళలో మాట్లాడుకోడానికి బావుంటుంది. దీనికన్నా ముందు మార్కోనీ కంపెనీ ఓడల్లో సి-క్యు-డి అని పంపేవారు. 1912లో టైటానిక్ మునుగుతున్నప్పుడు జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు రెండూ కలిపి పంపారు. ఉత్తినే ఆపద సంకేతం పంపడాన్ని రేడియో చట్టాలు ఒప్పుకోవు. బాల్కనీలోంచి టార్చిలైటుతో పంపితే రేడియో కిందికి రాదని నా వాదన. కరివేపాకు అయిపోయినప్పుడు ఎదుటి ఫ్లాటుకి వెయ్యండి. అగ్నిమాపకదళం వస్తే కాఫీ ఇచ్చి పంపండి.

కళ్ళతో పంపే మార్గం కూడా ఉంది. 1966లో వియత్నాంలో బందీగా ఉన్న అమెరికా నౌకాదళ పైలట్ జెరెమియా డెంటన్‌ని ప్రచారం కోసం కెమెరా ముందు కూర్చోబెట్టారు. దీపాల వెలుగు కళ్ళలో పడుతోందన్నట్టు నటిస్తూ, అడిగినవాటికి జవాబులు చెబుతూనే, రెప్పలతో ఇంగ్లీషులో 'చిత్రహింస' అన్న మాట ఒక్కో అక్షరంగా కొట్టాడు. ఏడక్షరాలు, ఒక్క మాట. దాన్ని చూసే అమెరికా నిఘావాళ్ళకి అక్కడేం జరుగుతోందో రూఢి అయింది. మనం అంతకన్నా ముందుకెళ్ళాలి. అత్తవారింట్లో విస్తరి ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న శ్రీమతికి పూర్తి వాక్యాలు పంపండి. కర్త, కర్మ, క్రియ అన్నీ ఉండాలి. బావమరిది కంటి చుక్కలు తెచ్చి ఇస్తాడు. అవి చుక్కలే కాబట్టి సందేశంలో కలుపుకోవచ్చు.

చివరిగా నగలు. మాటని మోర్స్‌లోకి మార్చి పూసల్లో గుచ్చి చేతికి వేసుకోవడం ఇప్పుడు సరదా అయింది. గుండ్రటి పూస చుక్క, పొడుగు పూస గీత, అక్షరాల మధ్య దారం కొంచెం ఖాళీగా వదలాలి. ఒక పక్క ముడి రంగు మార్చో, లాకెట్టు కట్టో మొదలు ఎక్కడో గుర్తుపెట్టమని తెలిసినవాళ్ళు చెబుతారు. మనం రెండు కొసలూ ఒకేలా కడదాం, అందంగా ఉంటుంది. రాఖీ పున్నానికి 'అన్న' అని గుచ్చండి: ఎ, ఎన్, ఎన్, ఎ. మోర్స్‌లో ఎ వెనక నుంచి చదివితే ఎన్, ఎన్ వెనక నుంచి చదివితే ఎ. కాబట్టి మీ అన్నయ్య దాన్ని తిప్పి కట్టుకుంటే, ఏ పూసా కదలకుండా, ఎన్, ఎ, ఎ, ఎన్ అవుతుంది. నాన్. మోర్స్ తెలిసిన నేస్తం ఎవరైనా చెయ్యి పట్టుకుని చదివితే, మీ అన్నయ్య తందూరీ హోటలు వాళ్ళ తాలూకు అనుకుంటాడు. పనీర్ బటర్ మసాలా కూడా గుచ్చి ఇమ్మని మా అన్నయ్య అప్పుడే అడిగాడు. ఇంగ్లీషులో పద్దెనిమిదక్షరాలు. పూసలు లెక్కేసి షాపువాడికి చెబితే ఆ కొలతకి చెయ్యి చాలదు, మొలతాడు చేయించుకోమన్నాడు.